కుర్చీలో కూర్చుని తూకం వేసుకున్న డాక్టర్

మొన్న పొద్దున హాయిగా నిద్ర లేచాను. వాచ్‌లో చూస్తే స్లీప్ స్కోర్ 58. అంతే, ఆ రోజంతా నీరసం. లేచినప్పుడు లేని నీరసం, నంబర్ చూశాక ఎక్కణ్ణుంచి వచ్చింది? దీనికి జవాబు కోసం ఓ 400 ఏళ్లు వెనక్కి వెళ్దాం.

ఇటలీలోని పాదువా యూనివర్సిటీలో శాంటోరియో అని ఒక ప్రొఫెసర్ ఉండేవాడు. డాక్టరే. ఈయన పెద్ద త్రాసుకి కుర్చీ వేలాడదీసి, అందులో కూర్చుని భోజనం చేసేవాడు. తిన్నదీ, తాగిందీ, మలమూత్రాలుగా బయటికి పోయిందీ, అన్నిటికీ తూకమే. పాతికేళ్లు ఇలా కొలిచానని తనే చెప్పుకున్నాడు. నాడి కొలవడానికి లోలకంతో ఒక పరికరం కూడా చేశాడు. అంటే మన చేతికున్న వాచ్‌కి ఆయన తాత లాంటివాడు!

ఇంతకీ ఏం తేలింది? రోజుకి 8 పౌండ్లు తిని తాగితే, దాదాపు 5 పౌండ్లు కంటికి కనబడకుండానే పోతోంది, చర్మం నుంచి, ఊపిరి నుంచి. 1614లో దీన్ని పుస్తకంగా వేశాడు. వైద్యమంటే పాత గ్రంథాలు వల్లించడమే అనుకునే రోజుల్లో, ఒంటిని అంకెల్లో చూడొచ్చని చూపించాడు. ట్రాకింగ్ వల్ల లాభం ఇదే. మన అంచనాకి అందనిది త్రాసుకి అందుతుంది.

మరి నష్టం? తను కొలవగలిగిన ఆ ఒక్కదాని మీదే ఆరోగ్యమంతా ఆధారపడి ఉందనుకున్నాడు. అది ఆగితే జబ్బులొస్తాయన్నాడు. లెక్క ఆయన చేసిందే, కానీ దాని అర్థం మాత్రం ఊహ.

మనం కూడా అదే చేస్తున్నాం. రోజుకి 10,000 అడుగులు అంటాం కదా, అది 1965లో జపాన్‌లో అమ్మిన ఒక పెడోమీటర్ పేరు. 'మాన్‌పో కే', అంటే పదివేల అడుగుల మీటర్. ముందు పేరొచ్చింది, పరిశోధనలు తర్వాతెప్పుడో వచ్చాయి. ఇప్పుడు 9,800 దగ్గర ఆగితే మనకి నిద్ర పట్టదు!

ఇంకో తేడా ఉంది. శాంటోరియో లెక్కలు ఆయన దగ్గరే ఉన్నాయి. మనవి ఎవరిదో సర్వర్‌లో ఉన్నాయి. స్ట్రావా అనే ఫిట్‌నెస్ యాప్, జనం పరిగెత్తిన దారులన్నీ కలిపి 2017లో ఒక మ్యాప్ పెట్టింది. పేర్లు లేవు. అయినా 2018 జనవరిలో, సిరియా, అఫ్గానిస్తాన్ ఎడారుల్లో అమెరికా సైనిక స్థావరాలు ఆ మ్యాప్‌లో వెలుగుతున్నాయని జనం కనిపెట్టేశారు. సైనికులు చేసింది జాగింగ్ మాత్రమే.

నేనైతే వాచ్ తీసేయలేదు. కాకపోతే లేవగానే ముందు ఒళ్లు ఎలా ఉందో చూసుకుంటున్నా, స్కోర్ తర్వాతే. అలాగే, ఏ యాప్‌కి నా లొకేషన్ ఇచ్చానో సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూశా. మూడింటికి ఆపేశా. మీరూ ఒకసారి చూడండి, ఎన్నింటికి ఆపారో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం!