సైనికుని మనస్సాక్షి



కొన్ని సంవత్సరముల క్రితం ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. ఆమె కుమారుడు సైన్యములో చేరి, శిక్షణ ముగించుకొని, మొదటిసారి సెలవుపై ఇంటికి వచ్చాడు. ఆ రోజు ప్రభురాత్రి భోజన సంస్కారము. ఆ అబ్బాయి బల్ల దగ్గరకు రాలేదు. వెనుక వరుసలోనే తల వంచుకొని కూర్చున్నాడు. "అయ్యగారూ, తుపాకీ పట్టిన చేతితో రొట్టె ఎలా పట్టుకోను అంటున్నాడు. వాడికి ఏమని చెప్పమంటారు?" అని ఆమె కన్నీళ్లతో అడిగింది. నేను ఆ పూట రెండు వాక్యములు చదివి, ప్రార్థన చేసి పంపించాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఆ తల్లికి ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఈ రోజు చెప్పాలని ఆశపడుతున్నాను.

ప్రియులారా, ఈ ప్రశ్న క్రొత్తది కాదు. యొర్దాను తీరమున సైనికులు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు వచ్చి, మేమేమి చేయవలెనని అడిగారు (లూకా 3:14). ఎవరినీ బాధపెట్టి సొమ్ము లాగవద్దు, అబద్ధపు నేరము మోపవద్దు, మీ జీతముతో తృప్తిపడండి అన్నది ఆయన జవాబు యొక్క సారము. కైసరయలో శతాధిపతియైన కొర్నేలీ ఇంటికి పేతురు వెళ్లాడు (అపొ. కార్యములు 10). ఆ ఇంట పరిశుద్ధాత్మ దిగివచ్చెను. తరువాత కొర్నేలీ కొలువు మానుకొన్నాడా, కొనసాగాడా? లేఖనము చెప్పలేదు. ఆ మౌనమును తమకు అనుకూలముగా మార్చుకొని వాదించినవారు రెండు వైపులా ఉన్నారు. మనం వాదన ప్రక్కన పెట్టి, మూడు కాలములలో జీవించిన ముగ్గురిని చూద్దాము.

మొదటివాడు మాక్సిమిలియన్. క్రీ.శ. 295 మార్చి 12న, నేటి అల్జీరియా దేశములోని తెబెస్సా పట్టణములో, రోమా అధికారియైన దియోను ఎదుట అతనిని నిలబెట్టారు. వయస్సు ఇరవై ఒక్క ఏండ్లు. తండ్రి ఫాబియస్ విక్టర్ పాత సైనికుడు గనుక కుమారుడు సైన్యములో చేరక తప్పదు. ఎత్తు కొలిచారు. మెడలో చక్రవర్తి ముద్ర వేసిన సీసపు బిళ్ళ వేయబోయారు. నేను క్రైస్తవుడను, సైనికుడిగా ఉండలేను అన్నాడు. చక్రవర్తుల అంగరక్షకులలోనే క్రైస్తవులు సేవ చేస్తున్నారు గదా అని దియోను అడిగాడు. దానికి ఆ యౌవనుడు, తమకు ఏది తగునో వారికి తెలుసు, నాకు తెలిసినది ఇది అని బదులిచ్చాడు. గమనించండి! ప్రాణము పోతున్న వేళలో కూడా అతడు సైన్యములో ఉన్న తన సహోదరులకు తీర్పు తీర్చలేదు. మరణశిక్ష విన్న తరువాత తండ్రివైపు తిరిగి, సైన్యములో చేరేటప్పుడు వేసుకొనుటకు మీరు సిద్ధపరచిన క్రొత్త బట్టలు నన్ను చంపబోయే ఈ మనిషికి ఇవ్వండి అని కోరాడు.

రెండవవాడు మార్టిన్. నేటి హంగేరీ దేశములో పుట్టాడు. ఇతని తండ్రి కూడా సైనికాధికారియే. చట్టము బలవంతము చేయగా చిన్న వయస్సులోనే సైన్యములో చేరాడు. ఫ్రాన్సులోని అమియెన్స్ నగర ద్వారము దగ్గర చలికి వణుకుతున్న బిచ్చగానిని చూచి, తన కత్తితో తన అంగీనే రెండుగా కోసి సగము ఇచ్చాడు. ఆ కత్తి చేసిన పనులలో మనకు మిగిలిన జ్ఞాపకము అదే. ఆ అంగీని లాటిను భాషలో "కప్పెల్లా" అన్నారు. దానిని భద్రపరచిన స్థలము నుండి "చాపెల్" అనే మాట, దానిని కాచినవారి నుండి "చాప్లిన్" అనే మాట పుట్టాయి. నేడు అనేక దేశములలో సైనికుల మధ్య సేవ చేసే పాదిరిగారి పదవికి ఒక సైనికుని సగము అంగీ పేరు పెట్టింది!

తరువాత వోర్మ్స్ నగరము దగ్గర యుద్ధమునకు ముందు బహుమానము పంచుతుండగా, మార్టిన్ దానిని తీసుకొనక తనను విడిచిపెట్టమని అడిగాడు. పిరికివాడని నిందించారు. అలాగైతే రేపు ఆయుధము లేకుండా నన్ను అందరికంటే ముందు నిలబెట్టండి అన్నాడు. అతనిని కావలిలో ఉంచారు. మరునాడు శత్రువులే సమాధానము కోరి వచ్చారని అతని జీవితచరిత్ర వ్రాసిన సుల్పీషియస్ సెవెరస్ తెలియజేస్తున్నాడు. మార్టిన్ తరువాత టూర్స్ నగరమునకు బిషపు అయ్యాడు.

మూడవవాడు డెస్మండ్ డాస్. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రములో 1919లో పుట్టాడు. ఇంటి గోడమీద పది ఆజ్ఞల పటము ఉండేది. ఆరవ ఆజ్ఞ దగ్గర కయీను తన తమ్ముడైన హేబెలును చంపిన బొమ్మ. అన్న అలా ఎలా చేయగలడు అని ఆ పసివాడు మరల మరల చూచేవాడు. 1942లో సైన్యము నుండి పిలుపు వచ్చినప్పుడు అతడు ఓడల నిర్మాణ కేంద్రములో పని చేస్తున్నాడు. ఆ పని చూపించి తప్పించుకొనే అవకాశము ఉన్నా తప్పించుకోలేదు. దేశమునకు సేవ చేస్తాను, కానీ చంపను, ప్రాణములు నిలుపుతాను అని వైద్య సహాయకుడిగా చేరాడు. తుపాకీ ముట్టలేదు. ప్రార్థన చేస్తుంటే తోటివారు బూట్లు విసిరారు. మతి సరిగా లేదని చెప్పి పంపివేయుటకు అధికారులు చూచారు. నా విశ్వాసమును పిచ్చి అని ఒప్పుకొని ఇంటికి పోలేనని అతడు నిరాకరించాడు.

1945 మే నెలలో ఒకినావా ద్వీపమున మయేదా కొండ మీద యుద్ధము. కాల్పులకు దళము వెనుకకు తగ్గింది. గాయపడినవారు పైనే మిగిలిపోయారు. డాస్ వారి దగ్గరే నిలిచాడు. ఒక్కొక్కరినీ అంచు వరకు మోసి తెచ్చి, త్రాడు కట్టి క్రిందికి దించాడు. ప్రభువా, ఇంకొక్కరిని దించనిమ్ము అన్నదే తన ప్రార్థన అని తరువాత చెప్పాడు. అధికారులు వందమంది అన్నారు, అతడు యాభైకి మించరు అన్నాడు. చివరికి 75 అని వ్రాశారు. మే 21న తానే గాయపడ్డాడు. తనను మోస్తున్న స్ట్రెచరు మీద నుండి దిగి, ఇంకా ఎక్కువ గాయపడినవానిని దానిమీద పంపాడు. ఆ తరువాత చెయ్యి విరిగితే, ఒక తుపాకీ మడమను బద్దగా కట్టుకొని, 300 గజములు ప్రాకి చికిత్సా స్థలమునకు చేరాడు. ఆ యుద్ధములో తుపాకీ అతనికి పనికివచ్చినది అందుకే! 1945 అక్టోబరు 12న అధ్యక్షుడు ట్రూమన్ అతనికి ఆ దేశపు అత్యున్నత సైనిక పతకమును ఇచ్చాడు. మనస్సాక్షి నిమిత్తము ఆయుధము పట్టనివానికి ఆ పతకము లభించుట అదే మొదటిసారి. డాస్ 2006లో ప్రభువునందు నిద్రించాడు.

సహోదరీ సహోదరులారా, ముగ్గురూ గీత గీసిన చోటు ఒకటి కాదు. ఒకడు సైన్యపు గడప తొక్కలేదు. ఒకడు లోపల ఉండి, ఒక దినమున బయటికి వచ్చాడు. ఒకడు చివరివరకు లోపలే ఉండి, చేతికి ఆయుధము రానివ్వలేదు. అయితే ముగ్గురిలో ఒకటే గుర్తు కనబడుతుంది: తమ మనస్సాక్షికి వెల తామే చెల్లించారు, ఇతరులచేత చెల్లింపజేయలేదు. తన ప్రాణము దాచుకొనుటకు దేవుని పేరు వాడుకొనేవాని మనస్సాక్షి వేరు. ఇతరుల కొరకు తన ప్రాణము పెట్టుటకు సిద్ధపడేవాని మనస్సాక్షి వేరు. మరియొకటి: డాస్ తన గీతను కొండ మీద గీయలేదు, పేరు నమోదు చేయించుకొన్న నాడే గీశాడు. దానియేలు కూడా రాజు భోజనము విషయములో ముందుగానే నిశ్చయించుకొన్నాడు (దానియేలు 1:8).

అమ్మా, నీ కుమారునికి ఇలా చెప్పు. వెనుక వరుసలో కూర్చొని తల వంచుకొన్న ఆ వణుకు దేవుడు ఇచ్చినది, దానిని పోగొట్టుకొనవద్దు. చేతులు కడుగుకొన్నవారి కొరకు మాత్రమే ఆ బల్ల వేయబడలేదు, కడుగబడవలసినవారి కొరకు వేయబడింది. వచ్చి, తీసుకొని, ఆజ్ఞ వచ్చే దినమునకు ముందే ప్రభువు సన్నిధిలో నీ గీత గీసుకొనుము. నిరాయుధుని కొట్టను, దోచుకోను, అబద్ధము వ్రాయను, గాయపడినవాడు ఎవడైనా విడిచిపోను అని మొదలుపెట్టుము. మిగిలినది ఆయన చూపిస్తాడు. సంఘమా, ఆ యౌవనునికి నీవు తీర్పు తీర్చవద్దు. పరుని సేవకునికి తీర్పు తీర్చుటకు మనమెవరము (రోమా 14:4)? అతని పేరు పెట్టి ప్రతి ఆదివారం ప్రార్థించుము.

ప్రార్థన చేసుకొందాము. ప్రభువా, సరిహద్దులలో మెలకువగా ఉన్న మా బిడ్డల చేతులను, వారి మనస్సాక్షిని కాపాడుము. వారి కొరకు ఎదురు చూచే తల్లులను ఆదరించుము. సమాధానకర్తయగు యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.