చెన్నపట్నంలో మన మగ్గం జాడలు

చెన్నై వెళ్ళినవాళ్ళని ఆటోలో ఎక్కించుకుని, ఊరు తిప్పి, పాత కథలు చెప్పే ఏర్పాట్లు ఈమధ్య వచ్చాయి. కోట, హైకోర్టు, శాంథోమ్ చర్చి, మెరీనా చూపిస్తారు. అవి చూడాల్సినవే, కాదనం. కానీ చేనేతవాళ్ళం మనం తిరగాల్సిన దారి ఇంకొకటుంది. ఆ పట్నం పుట్టిందే బట్ట కోసం. ఈ సంగతి మన పిల్లలకి చెప్పేవాళ్ళు తక్కువయ్యారు గనక ఇక్కడ రాస్తున్నాం.

చూలై నుంచి బయలుదేరదాం. సెంట్రల్ స్టేషన్‌కి దగ్గరే. అరవంలో సూళై అంటే బట్టీ. ఇక్కడ చూలై మిల్లు అని బట్టల మిల్లు ఉండేది. ఆ పక్క పెరంబూరులో బిన్నీ కంపెనీవాళ్ళ బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లులు. 1918 ఏప్రిల్ 27న ఆ మిల్లు కూలీలు కూడి మద్రాసు లేబర్ యూనియన్ పెట్టుకున్నారు. దేశంలో కార్మిక సంఘాలకి అది మొదటి రోజుల మాట. మిల్లు వచ్చి మగ్గాన్ని మింగిందని మన పెద్దలు అనేవాళ్ళు. చూలై మిల్లు పోయింది, 1996లో బిన్నీ మిల్లులూ మూతపడ్డాయి. మగ్గం మాత్రం ఇంకా ఆడుతోంది.

అక్కడి నుంచి సెంట్రల్ వైపు వస్తే రిప్పన్ బిల్డింగు, కార్పొరేషన్ ఆఫీసు. అక్కడ విగ్రహం పిట్టి త్యాగరాయ శెట్టిగారిది. ఆయన 1852లో పుట్టారు. తెలుగు దేవాంగుల బిడ్డ, సొంతంగా మగ్గాలు ఆడించిన మనిషి. 1916లో జస్టిస్ పార్టీ పెట్టినవాళ్ళలో ఒకరు. 1920లో మంత్రివర్గానికి పెద్దగా ఉండమంటే వద్దన్నారు. కార్పొరేషన్ అధ్యక్షుడిగా వెయ్యి దీపాల దగ్గరి బడిలో పేద పిల్లలకి మధ్యాహ్నం అన్నం పెట్టించారు. టీ నగర్ అన్న పేరు ఆయనదే. అక్కడ పట్టుచీరలు కొనేవాళ్ళలో ఎంతమందికి తెలుసు, ఆ పేటకి ఒక నేతగాడి పేరు పెట్టారని?

కూవం దాటితే చింతాద్రిపేట. చిన్న తరి పేట్టై అన్నది ఆ పేరుకి మూలం. తరి అంటే మగ్గం. 1734లో గవర్నరు మోర్టన్ పిట్ నేతగాళ్ళని, నూలు వడికేవాళ్ళని, అద్దకంవాళ్ళని, చాకళ్ళని తెచ్చి ఇక్కడ కాపురం పెట్టించాడు. కంపెనీకి సరుకు చాలడం లేదు, అందుకని. ప్రేమతో కాదు.

ఇక కోటకి పోదాం. ఇంగ్లీషువాళ్ళకి అంతకుముందు మచిలీపట్నంలోను, నెల్లూరు తీరాన దుగరాజపట్నం దగ్గర ఆర్మగాంలోను కొట్లు ఉండేవి. ఆర్మగాం నుంచి వచ్చిన ఫ్రాన్సిస్ డే ఇక్కడ బట్ట మిగతా చోట్ల కంటే 20 శాతం చవక అని పైవాళ్ళకి రాశాడు. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు స్థలం ఇచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. ఆ 20 శాతం చవక ఎవరి కడుపు కట్టుకుంటే వచ్చిందో కోటలో చెప్పేవాళ్ళు లేరు.

కోట నుంచి ఉత్తరానికి పోతే వణ్ణారపేట. నేసిన బట్టని ఉతికి తెల్లచేసిన చాకళ్ళ పేట. ఇంకా పైకి తిరువొత్తియూరు దగ్గర కాలడిపేట. గవర్నరు కాలెట్ పేరుతో నేతగాళ్ళ కోసం పెట్టిందే అది. వర్తకులు ముందుగా బయానా ఇచ్చేవాళ్ళు. బయానా తీసుకున్నాక బట్ట వాళ్ళకే వెయ్యాలి, ధర వాళ్ళు చెప్పిందే. మన చీరాల, వేటపాలెం వైపు నేసిన గళ్ళ రుమాళ్ళు ఆఫ్రికా దాకా పోయాయి, మద్రాసు రుమాలు అన్న పేరుతో. మగ్గం మనది, పేరు రేవుది.

తిరుగు దారిలో ఎగ్మూరులో ఆగాలి. అక్కడ పాంథియన్ రోడ్డులో కో ఆప్టెక్స్ ఆఫీసు. 1935లో మొదలైన సహకార సంఘం అది. అప్పుడు మన కోస్తా, సీమ జిల్లాలు కూడా మద్రాసు రాజధానిలోనివే. నూలు మనమే కొనుక్కుందాం, బట్ట మనమే అమ్ముకుందాం అన్న మాట మీదే నేత సంఘాలు నిలబడ్డాయి. బయానా కట్టు తెంచుకోవడానికి మనవాళ్ళకి దొరికిన దారి అదే. జాతీయ చేనేత దినోత్సవం కూడా 2015 ఆగస్టు 7న చెన్నైలోనే మొదలైంది.

ఈ రోజు సంఘంలో నూలు రాలేదని, బకాయి అందలేదని మళ్ళీ షావుకారు గుమ్మం ఎక్కేవాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళని తప్పు పట్టడం లేదు. కానీ ఆ గుమ్మం ఎంత పాతదో, అక్కడ ధర ఎవరు కడతారో ఈ దారి తిరిగితే తెలుస్తుంది. పెళ్ళికో, ఆసుపత్రి పనికో చెన్నై వెళ్తే ఒక పూట ఉంచుకోండి. ఆటో మాట్లాడుకుని చూలై, చింతాద్రిపేట, వణ్ణారపేట, కాలడిపేట తిప్పమనండి. పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. మగ్గాలు కనపడకపోయినా పేట పేరు చదివించి, అర్థం మీరే చెప్పండి.