గట్టు మీద కనపడని గీత

ఉయ్యూరు దాటాక డొంకలోకి తిరిగిన ట్రాలీ ఆటో వరిచేల మధ్య ఆగేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. మీరు వెనక చెక్క పట్టుకుని దిగుతారు. గడ్డి తడికి చెప్పులు జారతాయి. సెప్టెంబరు చివరి వారం. సాంబ మసూరి దుబ్బు కట్టి, కింద నీళ్లు కనపడనంతగా కమ్ముకుంది. ఆటోలో బ్యాటరీల పెట్టెలు, మందు కలిపే బకెట్లు, చేతులు మడిచి తాళ్లతో కట్టిన డ్రోను. దాన్ని ఎగరేసే ఆవిడ పక్క ఊరి డ్వాక్రా సంఘం మనిషి. శిక్షణకి వెళ్లి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకుంది. దిగీ దిగగానే తాళ్లు విప్పుతుందనుకుంటారు మీరు. ఆవిడ మాత్రం చీర మీద తొడుక్కున్న పొడుగు చేతుల చొక్కా జేబులోంచి ఫోను తీస్తుంది.

తెర మీద మన నేలే కనపడుతుంది గాని రంగులు ఆకాశానివి. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై పటం అది. ఆకుపచ్చ ఉన్నచోట 400 అడుగుల ఎత్తు దాకా ఎవరినీ అడగక్కర్లేదు. పసుపు ఉన్నచోట విమానాల రాకపోకలు నడిపే విమానాశ్రయం ఏటీసీ అనుమతి కావాలి. ఎరుపు అయితే కేంద్ర ప్రభుత్వమే ఒప్పుకోవాలి. ఎగరేసే ముందు ప్రతిసారీ ఈ పటం చూసి తీరాలన్నది నియమం. నిన్న పచ్చగా ఉన్నది ఇవాళ అలాగే ఉంటుందని లేదు. జిల్లా ఎస్పీ స్థాయి అధికారి అవసరమనుకుంటే ఒక ప్రాంతాన్ని 96 గంటలకు మించకుండా తాత్కాలికంగా ఎరుపు చేయొచ్చు. పెద్దల రాకపోకలు ఎక్కువగా ఉండే ఈ జిల్లాలో అది గుర్తుపెట్టుకోవాల్సిన మాట.

“ఏమ్మా, పైన దారి ఖాళీయేనా?” గట్టు మీద నుంచి రైతు కేకేస్తాడు.

“పచ్చగా ఉంది బాబాయ్ గారూ. కొట్టేద్దాం.”

అప్పుడు తాళ్లు విప్పుతారు. ఆవిడ తమ్ముడు మందు వడగట్టి పది లీటర్ల ట్యాంకులో పోస్తాడు. ఆకుముడతకి మందు. దగ్గరకి వంగి చూస్తే కొన్ని ఆకులు నిలువునా ముడుచుకుని, లోపల పచ్చదనం గీకేసి తెల్లటి చారలు తేలి ఉన్నాయి. తైవాన్ పంపుతో కొట్టాలంటే ఎకరానికి 150 నుంచి 200 లీటర్ల నీళ్లు మోయాలి, ఇద్దరు మనుషులు బురదలో తిరగాలి. డ్రోనుకి ఈ పది లీటర్లే ఎకరానికి సరిపోతాయి. మిమ్మల్ని గాలికి ఎదురు దిక్కున నిలబడమంటుంది ఆవిడ. రెక్కలు గిర్రున తిరుగుతాయి. చేను ఒక్కసారి అణగి లేస్తుంది. డ్రోను ఎగిరింది ఎంత ఎత్తుకో చూడండి: పైరు తలల మీద రెండు మూడు మీటర్లు. మీరు చెయ్యెత్తితే అందేంత కాకపోయినా, చేనుగట్టు మీది కొబ్బరిచెట్టు కన్నా చాలా కింద.

ఇక్కడి నుంచి గన్నవరం విమానాశ్రయం కాకి ఎగిరే దారిలో పద్దెనిమిది కిలోమీటర్లు పైమాటే. అయినా 2021 ఆగస్టుకి ముందు మీ కాళ్ల కింది ఈ మడి గన్నవరం ఆకాశంలో భాగం. అప్పటి పసుపు వలయం విమానాశ్రయం ప్రహరీ నుంచి 45 కిలోమీటర్లు. పటం మీద గన్నవరం దగ్గర ముల్లు గుచ్చి అంత దూరం వృత్తం గీస్తే విజయవాడ మొత్తం పడుతుంది, గుడివాడ పడుతుంది, తెనాలి పడుతుంది, ఏలూరు పడుతుంది, గుంటూరు దాదాపు అంచున నిలుస్తుంది. కృష్ణా డెల్టా వరిచేలు ఎన్నో ఆ ఒక్క గీత లోపలే. లెక్క వేయండి: 45 కిలోమీటర్ల వ్యాసార్ధం అంటే సుమారు 6,360 చదరపు కిలోమీటర్లు. ఒక టవరులో కూర్చున్న మనిషిని అడిగి ఎగరేయాల్సిన నేల అది.

అడిగి ఎగరేయడం తప్పు కాదు. కానీ దేన్ని కాపాడటానికి అడుగుతున్నామో చూడాలి. దిగే విమానం సాధారణంగా మూడు డిగ్రీల వాలు మీద వస్తుంది. ఆ లెక్కన రన్‌వేకి ఇంకా పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న విమానం నేలకి తొమ్మిది వందల మీటర్లకు పైనే ఉంటుంది. డ్రోను మూడు మీటర్ల దగ్గర మందు చల్లుతోంది. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీని పాత గీత చూడలేదు. నేల మీద దూరాన్నే కొలిచింది, ఎత్తుని కొలవలేదు. ఆకాశాన్ని పంచేవాళ్లు చేయకూడని పని అదేనని నా నమ్మకం.

నాలుగు ఎకరాలు అయ్యేసరికి ఎండ పొడుస్తుంది. బ్యాటరీలు వేడెక్కాయి. వాటిని నీడన పెట్టి, ట్యాంకు కడిగి, మళ్లీ అందరూ ఆటో ఎక్కుతారు. గాలి లేవకముందే ఇంకో చేను చూడాలి, కంకిపాడు దగ్గర.

దారిలో ఆవిడ తమ్ముడు 2024 సెప్టెంబరు వరదల గురించి చెబుతాడు. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మేడల మీద చిక్కుకున్నవాళ్లకి డ్రోన్లతో ఆహారం, మందులు అందించారు. సింగ్‌నగర్ గన్నవరానికి పదిహేను కిలోమీటర్లు అటూ ఇటూ. ఇప్పటి 12 కిలోమీటర్ల వలయానికి బయట, పాత వలయానికి బాగా లోపల. అదే ఏడాది అక్టోబరు 22న పున్నమి ఘాట్ దగ్గర కృష్ణ మీద 5,500 డ్రోన్లు వెలుగు బొమ్మలు గీశాయి. ఆ రాత్రి ఒడ్డున నిలబడినవాళ్లు చాలామంది ఉంటారు. ఆ ఆకాశం అంతకు మూడేళ్ల కిందటి దాకా ఎవరి చేతిలో ఉండేదో తెలిసినవాళ్లు తక్కువ.

గీత జరిగిన తీరు కూడా గుర్తుంచుకోదగ్గదే. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్లతో పేలుడు పదార్థాలు జారవిడిచారు. ఆ భయంతో ఆకాశాన్ని ఇంకా బిగిస్తారని అనుకోవడం సహజం. కానీ జులైలో కొత్త నియమాల ముసాయిదా వచ్చింది, ఆగస్టు 25న డ్రోన్ నియమాలు 2021 అమల్లోకి వచ్చాయి. 45 కిలోమీటర్ల పసుపు వలయం 12కి కుదించుకుపోయింది. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదన్నారు. నింపాల్సిన ఫారాలు 25 నుంచి 5కి తగ్గాయి. దాడి చేయాలనుకున్నవాడు ఎలాగూ ఫారం నింపడు. ఫారం నింపేవాడు రైతు, సర్వేయరు, పెళ్లి వీడియోలు తీసే కుర్రాడు. ఆ తేడాని గుర్తించిన నిర్ణయం కాబట్టి దాన్ని నేను మెచ్చుకుంటాను.

కంకిపాడు. ఆటో ఆగగానే ఆవిడ మళ్లీ ఫోను తీస్తుంది. ఈసారి పటం మీద మీరున్న చుక్క వలయం లోపలికి వచ్చింది. విమానాశ్రయం ప్రహరీ నుంచి పది కిలోమీటర్లు ఉంటుంది. మీరు చుట్టూ చూస్తారు. బోర్డు లేదు, రాయి లేదు, గట్టు మీద గీత లేదు. అక్కడా ఇక్కడా అదే వరి, అదే కొంగలు. మారిందల్లా మీ తల మీద: ఇందాక 400 అడుగులున్న కప్పు ఇక్కడ 200కి దిగింది. తలకిందులుగా నిలబెట్టిన గోపురాన్ని ఊహించుకోండి. విమానాశ్రయం దగ్గర నేలని తాకుతుంది, దూరం జరిగేకొద్దీ మెట్లు మెట్లుగా పైకి లేస్తుంది. ఆ మెట్ల కింద మిగిలిన చోటే మనది.

మందు కొట్టే డ్రోనుకి ఈ మెట్టు అడ్డం రాదు. అడ్డం వచ్చేది భూములు కొలిచే డ్రోనుకి. ఎత్తు సగానికి తగ్గితే కెమెరాకి ఒక్కసారి కనపడే నేల వెడల్పు కూడా సగమవుతుంది. అదే పొలానికి రెండింతల వరసలు తిరగాలి, రెండింతల బ్యాటరీలు కావాలి. గీత ఎక్కడుందన్నది ఆ డ్రోను నడిపే కుర్రాళ్లకి కూలి డబ్బుల లెక్క.

రెండో ట్యాంకు సగంలో ఉండగా పడమటి నుంచి మోత వినిపిస్తుంది. ఆవిడ తల తిప్పదు, చెవి తిప్పుతుంది. చేతిలో రిమోటు పుల్లలు వెనక్కి లాగి డ్రోనుని వరస మధ్యలోనే ఆపి, మెల్లగా గట్టు మీదికి తెచ్చి దించుతుంది. రెక్కలు ఆగాక తల ఎత్తుతుంది. మీరూ చూస్తారు. రెండు పంకాల ఏటీఆర్, చక్రాలు దించుకుని గన్నవరం రన్‌వే వైపు సాగుతోంది. చాలా దూరంలో, చాలా ఎత్తులో. ఆవిడ దించకపోయినా ఏమీ అయ్యేది కాదు.

“అంత పైన పోతుంటే ఎందుకు దించావమ్మా?” మీరు అడుగుతారు.

“మనుషులున్న దానికే దారి ఇవ్వాలండి. అలవాటు తప్పితే అవసరమైన రోజు చెయ్యి కదలదు.”

నియమాల పుస్తకంలో ఉన్న మాటే అది. పుస్తకంలో చదివినప్పుడు నాకు అంత బలంగా అనిపించలేదు.

తర్వాత గన్నవరం వైపు. గుడివాడ వెళ్లే రైలు పట్టాలు దాటేసరికి మీరు లోపలి వలయంలో ఉన్నారు. ఎనిమిది కిలోమీటర్ల నుంచి ఐదు దాకా నేల నుంచే పసుపు, ఐదు లోపు ఎరుపు. ఇక్కడ డ్రోను ఒక్క అడుగు లేవాలన్నా పసుపులో ఏటీసీ, ఎరుపులో కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా లేపితే లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. కేసరపల్లి దరిదాపుల్లో ఆటో ఆపి, ఆవిడ డ్రోనుని కిందికి దించనివ్వదు కూడా.

ఇక్కడ ఎందుకంత పట్టింపో నిలబడి చూస్తే తెలుస్తుంది. రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా ఉంది. దాని పడమటి కొస ఇటే. రెండు కిలోమీటర్ల దూరంలో దిగే విమానం వంద మీటర్ల చిల్లర ఎత్తులో ఉంటుంది. ఒక కిలోమీటరు దగ్గర యాభై మీటర్లు. అంటే 170 అడుగులు. విమానం మీ మీదుగా పోతే పొట్ట మీది అక్షరాలు చదవొచ్చు. పాతిక కిలోల యంత్రం అదుపు తప్పి ఆ దారిలోకి లేస్తే ఏమవుతుందో ఊహించడానికి నాకు మనసొప్పదు. ఢీకొట్టక్కర్లేదు, కనపడిందన్న మాట చాలు. 2018 డిసెంబరులో లండన్ గాట్విక్ దగ్గర డ్రోన్లు కనపడ్డాయన్న సమాచారంతో రన్‌వే మూసేస్తే సుమారు వెయ్యి విమానాలు, లక్షా నలభై వేల మంది ప్రయాణికులు ఇరుక్కుపోయారు. కాబట్టి ఈ లోపలి వలయం ఉండాలి. అందులో నాకు రెండో మాట లేదు.

కానీ ఇది కూడా వృత్తమే. వృత్తానికి దిక్కు తెలియదు. రన్‌వే కొసకి ఎదురుగా ఏడు కిలోమీటర్ల దూరాన, విమానం దిగే దారి కింద ఉన్న చేనుకీ, ఉత్తరాన అంతే దూరం పక్కగా ఉన్న చేనుకీ ఒకే రంగు. హెలికాప్టర్లు రన్‌వే దిశ చూసుకుని రావు, నిజమే. గాలి తిరిగితే విమానాలు చుట్టు తిరిగి దిగుతాయి, అదీ నిజమే. అయినా పైరు మీద మూడు మీటర్ల ఎత్తు దాటని పనికి ఆ పక్క ఊళ్లలో వేరే దారి ఉండాలి: ఉదయం రెండు గంటల వ్యవధి, ఫలానా సర్వే నంబరు, ఫలానా ఎత్తు, అడిగిన రోజే అవునో కాదో జవాబు. 45ని 12 చేసినవాళ్లకి ఇది అసాధ్యమైన పని కాదు. ఇప్పటికే అనుమతి అక్కర్లేకుండా వదిలేసిన నేలతో పోలిస్తే ఈ లోపలి ముక్క చాలా చిన్నది, సుమారు 200 చదరపు కిలోమీటర్లు. కానీ ఆ ముక్కలో ఉన్న రైతుకి అదే మొత్తం.

ఆ రైతు ఇప్పుడు మీ ముందే ఉన్నాడు. రెండెకరాలు. పురుగు ఇక్కడా పట్టింది. ఆవిడ ఎగరేయలేనని చెప్పాక కాసేపు చేను వంక చూసి, ఫోను తీసి తైవాన్ పంపు వాళ్లకి చేస్తాడు. రేపటికి గాని కుదరదంటారు. సరేనంటాడు. ఫోను పెట్టేసి ఆవిడ వైపు తిరుగుతాడు.

“మా తాత నాటికే ఈ చేను ఉందమ్మా. ఆకాశం మీద ఎప్పుడు రాయించుకున్నారో మాకు ఎవరూ చెప్పలేదు.”

“రాయించుకోలేదు బాబాయ్ గారూ, అడిగి రమ్మన్నారు. అడుగుదాం.”

ఆవిడ చెప్పులు గట్టు మీద విడిచి చేను మూలకి నడుస్తుంది. ఫోనులో ఆ మూల అక్షాంశం, రేఖాంశం నొక్కి దాచుకుంటుంది. రెండో మూల. మూడో మూల దగ్గర బోదె దాటాలి. రైతు వెనకే వెళ్లి చెయ్యి అందిస్తాడు. నాలుగో మూల అయ్యాక పట్టాదారు పుస్తకం నంబరు అడుగుతుంది.

“ఎన్నాళ్లు ముందు చెప్పాలమ్మా నీకు?”

“రెండో మందు ఏ రోజు కొట్టాలో ఇప్పుడు చెప్పండి. ఇవాళే దరఖాస్తు పెడతాను.”

రైతు వేళ్ల మీద లెక్కపెట్టి, వచ్చే గురువారం అంటాడు. ఆవిడ రాసుకుంటుంది.