వీకో రోడ్డులో ల్యాండ్ లీగ్

డబ్లిన్‌కు దక్షిణాన సముద్రం పక్కనే కిలైనీ అని ఒక కొండ ఉంది. దిగువన కనిపించే అఖాతం అచ్చం నేపుల్స్‌లా ఉంటుందని మురిసిపోయిన పూర్వపు ధనికులు అక్కడి దారులకు వీకో, సొరెంటో అని ఇటలీ పేర్లు పెట్టుకున్నారు. బోనో, ఎన్యా లాంటి గాయకుల ఇళ్లు ఆ చుట్టుపక్కలే. 2015 మార్చిలో ఆ వీకో రోడ్డులోని 'గోర్స్ హిల్' అనే భవంతి గేటుకు అడ్డంగా కొందరు నిలబడ్డారు. అప్పు కింద ఇంటిని స్వాధీనం చేసుకోవడానికి బ్యాంకు నియమించిన రిసీవరు మనుషుల్ని లోపలికి రానివ్వమన్నారు. తమ సంఘం పేరు 'న్యూ ల్యాండ్ లీగ్' అని విలేకరులకు చెప్పారు.

ఐర్లండ్‌ను మండించింది ఆ పేరే.

లోపల ఉన్న మనిషి బ్రయాన్ ఓడొనెల్, పేరున్న సొలిసిటర్. భూముల ధరలు ఆకాశంలో ఉన్న రోజుల్లో అప్పులు తెచ్చి లండన్‌లో, స్టాక్‌హోమ్‌లో, వాషింగ్టన్‌లో ఆఫీసు భవనాలు కొన్నాడు. బ్రిటన్ విద్యాశాఖ కొలువున్న శాంక్చురీ బిల్డింగ్స్ కూడా అందులో ఒకటి. ధరలు కూలాక బ్యాంక్ ఆఫ్ ఐర్లండ్ 2011లో ఆయన మీదా, భార్య మీదా 7 కోట్ల 10 లక్షల యూరోలకు పైగా డిక్రీ తెచ్చుకుంది. అక్కడి నుంచి నాలుగేళ్ల పోరాటం. ఇల్లు తల్లిదండ్రులది కాదు, దాని హక్కులు మా కోసం పెట్టిన కంపెనీవని పిల్లలు కోర్టుకెక్కి, సుప్రీం కోర్టు దాకా వెళ్లి ఓడారు. పిల్లలు ఖాళీ చేయాల్సిన గడువు ముంచుకొచ్చేసరికి తల్లిదండ్రులు తిరిగొచ్చి, ఈ ఇంట్లో నివసించే హక్కు మాకు వేరుగా ఉందన్నారు. గేటు దగ్గర జనం కాపలా కాసింది అప్పుడే.

ఇదంతా చూస్తున్న జనం ఎలాంటి జనమో చెప్పుకోవాలి. 2008 సెప్టెంబరు చివర ఒక రాత్రి ప్రభుత్వం దేశంలోని పెద్ద బ్యాంకుల అప్పులన్నిటికీ పూచీ పడింది. బ్యాంకుల్ని నిలబెట్టడానికి చివరికి 6,400 కోట్ల యూరోలు పోసింది. అప్పటికి దేశ జనాభా అర కోటి కూడా లేదు. 2010 నవంబరులో యూరోపియన్ యూనియన్, ఐఎంఎఫ్‌ల ముందు చేయి చాచాల్సి వచ్చింది. జీతాలు కోశారు, కొత్త పన్నులేశారు, పిల్లలు ఆస్ట్రేలియాకూ కెనడాకూ వలసపోయారు. ఇళ్ల ధరలు సగానికి పడిపోవడంతో ఇంటి విలువ కన్నా మిగిలిన అప్పే ఎక్కువైన కుటుంబాలు లక్షల్లో తేలాయి. బ్యాంకు మీద ఆ జనానికి జాలి ఉండే అవకాశమే లేదు. అయినా ఆ మార్చిలో వాళ్లు బ్యాంకు వైపు మాట్లాడారు. అంత కోపం తెప్పించడం మామూలు విషయం కాదు.

ల్యాండ్ లీగ్ అంటే అక్కడ ఇంటింటి జ్ఞాపకం. మైకేల్ డేవిట్ 1846లో మేయో కౌంటీలోని స్ట్రేడ్‌లో పుట్టాడు, కరువు నడుస్తున్న రోజుల్లో. నాలుగేళ్ల వయసులో శిస్తు బకాయి కింద ఆ కుటుంబాన్ని గుడిసెలోంచి వెళ్లగొట్టారు. లాంకషైర్ చేరి, పదకొండేళ్లకే దూది మిల్లులో పనిచేస్తూ యంత్రంలో పడి కుడిచేయి పోగొట్టుకున్నాడు. 1879లో ఆ ఒంటిచేతి మనిషి, చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్ అనే భూస్వామిని అధ్యక్షుడిగా పెట్టుకుని నిలబెట్టిన కౌలుదార్ల సంఘమే ల్యాండ్ లీగ్. న్యాయమైన కౌలు, నిలకడైన హక్కు, ఆ హక్కును అమ్ముకునే స్వేచ్ఛ: అడిగినవాటిలో ఈ మూడూ ఉన్నాయి. మరుసటి ఏడాది లీగ్ పిలుపుతో మేయోలోనే కెప్టెన్ బాయ్‌కాట్ అనే ఎస్టేటు ఏజెంటుకు పనివాళ్లు పనిచేయడం మానేశారు, దుకాణదారు సరుకు ఇవ్వడం మానేశాడు. ఆయన పంట కోయడానికి అల్‌స్టర్ నుంచి 50 మంది కూలీలు వస్తే, వాళ్లకు కాపలాగా దాదాపు వెయ్యి మంది సైనికుల్ని దించాల్సి వచ్చింది.

1888లో క్లేర్ కౌంటీ వాండలూర్ ఎస్టేటులో కౌలుదార్లను వెళ్లగొట్టినప్పటి ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. మూడు కర్రల మీద వేలాడదీసిన దుంగతో మట్టిగోడను పొడుస్తుంటారు అమీనాలు, చుట్టూ పోలీసులు. లోపలివాళ్లు తలుపుకు ముళ్లకంపలు, చెట్టు కొమ్మలు అడ్డం పెట్టి, మీదికొచ్చేవాళ్లపై వేడినీళ్లు పోసేవారు. గోర్స్ హిల్ గేటు దగ్గర నిలబడ్డవాళ్లు ఎత్తుకున్నది ఈ జ్ఞాపకాన్ని. డేవిట్ తల్లికి దక్కని న్యాయం వీకో రోడ్డు భవంతికి అడుగుతున్నారే అని పత్రికలు ఎద్దేవా చేశాయంటే చేయవా మరి.

అయితే చరిత్రలో ఇంకో వరస ఉంది. అప్పుల్లో మునిగి, అమీనాను గడప తొక్కనివ్వని పెద్దమనుషుల వరస. ల్యాండ్ లీగ్ కన్నా అది పాతది, గోర్స్ హిల్‌కు అసలు పూర్వీకులు వాళ్లే.

కొనమారాలో బాలినహించ్ ప్రభువు రిచర్డ్ మార్టిన్ కథ చూడండి. రెండు లక్షల ఎకరాల దొర. పశువుల మీద క్రూరత్వాన్ని నిషేధిస్తూ 1822లో బ్రిటిష్ పార్లమెంటులో మొదటి చట్టం తెచ్చింది ఆయనే, జంతు సంరక్షణ సంఘం స్థాపించినవాళ్లలోనూ ఆయన ఒకడు. కానీ అప్పులకు అంతులేదు. పార్లమెంటు సభ్యుణ్ని బాకీ కింద అరెస్టు చేయకూడదని అప్పటి నియమం. కాబట్టి సీటు ఉన్నంతకాలం ఋణదాతలు ఏమీ చేయలేకపోయారు. 1826 ఎన్నిక చెల్లదని తేలి ఆ సీటు పోగానే ఫ్రాన్సులోని బులోన్‌కు పారిపోయాడు, 1834లో అక్కడే పోయాడు. ఎడ్లను కొట్టొద్దన్న దయామూర్తి కోర్టు అమీనాల్ని మాత్రం కొనమారా కొండల్లో ఊరి పొలిమేర దాటనివ్వలేదని కథలు చెప్పుకుంటారు.

ఇలాంటి దొరలు దేశమంతా ఉండేవారు. ఎస్టేటు తాకట్టులో ఉండేది, ఛాన్సరీ కోర్టు రిసీవరును వేసేది, దావా ఏళ్ల తరబడి నడిచేది, దొర మాత్రం బంగళాలోనే ఉండేవాడు. కరువులో కౌళ్లు రాక ఆ వ్యవస్థ కూలింది. 1849లో ప్రభుత్వం ఎన్‌కంబర్డ్ ఎస్టేట్స్ చట్టం తెచ్చి, అప్పుల ఎస్టేట్లను త్వరగా అమ్మేయడానికి ప్రత్యేక కోర్టు పెట్టింది. పదేళ్లు తిరక్కుండా దాదాపు 3,000 ఎస్టేట్లు చేతులు మారాయి. మార్టిన్‌ల బాలినహించ్ లండన్‌లోని ఒక జీవితబీమా కంపెనీ పరమైంది. అప్పుచేసిన దొర ఎట్టకేలకు కదిలాడు. కానీ డబ్బుపెట్టి కొన్న కొత్త యజమానుల్లో చాలామంది పెట్టుబడికి లాభం చూసుకున్నారు. కౌలు పెంచారు, కట్టలేనివాణ్ని గెంటేశారు. పెద్ద ఋణగ్రస్తుడి మీద బిగించిన చట్టం దెబ్బ చివరికి కౌలుదారు నెత్తిన పడింది. 2015లో కోపంతో ఊగిపోయిన వ్యాఖ్యాతల్లో ఈ సంగతి గుర్తుచేసినవాళ్లు పెద్దగా కనిపించరు.

మన దగ్గర 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసిచ్చి, దావా వేయకుండానే తాకట్టు ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. పత్రికల లోపలి పేజీల్లో ఆ ప్రకటనలు రోజూ చూస్తూనే ఉన్నాం. ఐర్లండ్‌లో ఇంటి రుణమైతే కోర్టు ఉత్తర్వు తప్పనిసరి. పైగా 2011 జులైలో ఒక వింత జరిగింది. 2009లో భూచట్టాన్ని కొత్తగా రాసినప్పుడు పాత సెక్షనును రద్దుచేసి, పాత తాకట్ల సంగతి రాయడం మరిచారు. హైకోర్టు న్యాయమూర్తి ఎలిజబెత్ డన్ ఆ లోపాన్ని ఎత్తిచూపడంతో పాత రుణాల మీద స్వాధీన కేసులు చాలావరకు ఆగిపోయాయి. 2013లో పార్లమెంటు దాన్ని సరిదిద్దేదాకా మామూలు జనానికి అది ఊపిరి. సరిదిద్దాక కౌంటీ రిజిస్ట్రార్ల ముందు కేసులు కుప్పలుగా పడ్డాయి. గోర్స్ హిల్ గేటు వార్త వచ్చిన రోజుల్లోనే చిన్న పట్టణాల కోర్టుల్లో వకీలు లేకుండా, సిగ్గుతో తలవంచుకుని వరసలో కూర్చున్న దంపతులు ఎందరో.

అసలు తేడా వకీలు లేని ఆ దంపతులకూ గోర్స్ హిల్‌కూ మధ్య ఉంది, అప్పు పరిమాణంలో కాదు. ఒకప్పుడు దేశంలోకెల్లా సంపన్నుడు షాన్ క్విన్, ఆంగ్లో ఐరిష్ బ్యాంకుకు 280 కోట్ల యూరోలు బాకీపడ్డాడని బ్యాంకు లెక్క. ఆస్తులు దాచినందుకు, కోర్టు ధిక్కారం కింద జైలుకూ వెళ్లాడు. అయినా 2012లో కావన్ కౌంటీ బాలీకానెల్‌లో ఆయనకు మద్దతుగా వేలమంది వీధిలోకి వచ్చారు. సరిహద్దు పల్లెల్లో సిమెంటు ఫ్యాక్టరీ పెట్టి ఉద్యోగాలిచ్చాడని వాళ్ల విశ్వాసం. ఆ విశ్వాసం సరైనదని నేను అనను. కానీ ఓడొనెల్‌కు అలా నిలబడే ఊరు లేదు.

ఇంకొకటి, లండన్. మనవాళ్లు 'ఐపీ పెట్టడం' అంటారే, ఐర్లండ్‌లో అలా దివాలా తీస్తే 12 ఏళ్లు ఆ మచ్చ వదిలేది కాదు. 2013 డిసెంబరులో దాన్ని మూడేళ్లకు దించారు. ఇంగ్లండ్‌లో మాత్రం ఒక్క ఏడాదే. అందుకని డబ్బున్న ఋణగ్రస్తులు కాపురం లండన్‌కు మార్చామని చెప్పి అక్కడ దరఖాస్తు పెట్టేవారు. 2012లో ఓడొనెల్ దంపతులూ అదే చేశారు. మీ వ్యవహారాల కేంద్రం ఐర్లండే అని ఇంగ్లండ్ కోర్టు తిప్పిపంపింది. గాల్వేలో అద్దె టాక్సీ నడిపేవాడు లండన్‌కు కాపురం మార్చగలడా? వాడికి పన్నెండేళ్లు, డబ్బున్నవాళ్లకు ఏడాది అన్న లెక్కే జనానికి మంట పుట్టించిందని నా నమ్మకం.

2015 ఏప్రిల్ నెలాఖరుకు, అప్పీలు కోర్టులోనూ ఓడాక, ఓడొనెల్ దంపతులు గోర్స్ హిల్ ఖాళీ చేశారు. 2016 జనవరి నుంచి ఐర్లండ్‌లోనూ దివాలా గడువు ఒక్క ఏడాదే, సొలిసిటర్‌కైనా టాక్సీవాడికైనా.