నవాబు మేడ వేలము

అప్పు చేసి కట్టిన మేడ యెవరిది? కట్టించినవానిదా, అప్పిచ్చినవానిదా? చెన్నపురి సముద్రతీరమునందలి చేపాకు సౌధము నూఱేండ్లలోపల నీ ప్రశ్నకు నుత్తర మిచ్చినది.

ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా కొఱకు 1768 ప్రాంతమున దీనిని నిర్మించినవాడు పాల్ బెన్‌ఫీల్డని ప్రసిద్ధి. నవాబునకు పెద్ద ఋణదాతలలో నీతడే యొకడు. వడ్డీలకై నవాబు సీమల శిస్తులను తాకట్టు పెట్టెను; తంజావూరి పంటపై సయితము బెన్‌ఫీల్డు హక్కు చెప్పెను. 1785లో ఎడ్మండ్ బర్కు పార్లమెంటున నీ ఋణముల యన్యాయమును తూర్పాఱబట్టెను.

1801లో రాజ్యాధికారము కుంపిణీ వశమయ్యెను. 1855లో గులాం గౌస్ ఖాన్ సంతానము లేక మరణింపగా నవాబు పదవియు రద్దయ్యెను. 1859లో ఋణములు తీర్చుటకై మేడను వేలము వేయగా ప్రభుత్వమే కొనెను. దర్బారు తీఱిన చోట కచేరీలు వెలసెను.

బెన్‌ఫీల్డయినను సుఖించెనా? 1810లో పారిసు నగరమున దరిద్రుడై మరణించెను.

చదువరులారా! పెండ్లికని, ప్రతిష్ఠకని ప్రోనోటు వ్రాయబోవు గృహస్థు నేటికిని నిలిచియున్న యీ మేడను దలచుకొనవలెను. నవాబు వడ్డీల భారము మోసినది నవాబు కాడు, రైతు. మన వడ్డీల భారము మోయవలసినవారు మన బిడ్డలు.