భారత సాఫ్ట్‌వేర్ రంగంలో ఉమ్మడి సంస్థలు

ఒక స్వదేశీ సంస్థ, ఒక విదేశీ సంస్థ వాటాలు పెట్టి మూడో కంపెనీని నెలకొల్పితే దాన్ని ఉమ్మడి సంస్థ, వ్యాపార వర్గాల వాడుకలో జాయింట్ వెంచర్ అంటారు. భారత సాఫ్ట్‌వేర్ రంగంలో 1970ల చివరి నుంచి సుమారు పాతికేళ్లు ఈ పద్ధతి బాగా సాగింది. టాటా బరోస్, మహీంద్రా బ్రిటిష్ టెలికామ్, డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ సత్యం సాఫ్ట్‌వేర్, హెచ్‌సీఎల్ పెరో సిస్టమ్స్ ఈ కోవలోవే. వీటిలో ఏదీ నేడు ఆ పేరుతో లేదు. అలాగని అవన్నీ విఫలమయ్యాయనుకోలేం. కొన్ని పొత్తులు విడిపోయాకే కంపెనీలు పెద్దవయ్యాయి.

మొదట్లో పొత్తులకు చట్టమే దారి చూపింది. 1973 నాటి విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం, అంటే ఫెరా, చాలా రంగాల్లో విదేశీ వాటాను 40 శాతానికి పరిమితం చేసింది. అందుకు ఒప్పుకోని ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్లింది. దాని కంప్యూటర్ల నిర్వహణ ప్రభుత్వ రంగ సంస్థ సీఎంసీకి వచ్చింది. అమెరికాకే చెందిన బరోస్ మాత్రం టాటాలతో చేయి కలిపింది. అప్పటిదాకా బరోస్ యంత్రాలకు ప్రతినిధిగా ఉన్న టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ (టీసీఎస్) చేతి నుంచి ఆ వ్యాపారం కొత్త సంస్థకు మారిపోయింది. దాంతో టీసీఎస్ ఐబీఎం యంత్రాల మీద పని నేర్చుకోవలసి వచ్చింది. ప్రపంచ విపణిలో ఐబీఎందే పైచేయి కాబట్టి ఆ నష్టమే చివరికి కలిసొచ్చింది. టాటా బరోస్ తర్వాత టాటా యూనిసిస్‌గా, ఆపై టాటా ఇన్ఫోటెక్‌గా పేరు మార్చుకుని చివరకు టీసీఎస్‌లోనే కలిసింది.

తెలుగువారికి దగ్గరి కథ సత్యంది. 1987లో హైదరాబాద్‌లో బి. రామలింగరాజు స్థాపించిన సత్యం కంప్యూటర్స్‌కు 1990ల తొలినాళ్లలో వ్యవసాయ యంత్రాల సంస్థ జాన్ డీర్ పని దొరికింది. వేల మైళ్ల దూరం నుంచి ప్రోగ్రాములు రాయించుకోవచ్చని అప్పట్లో అమెరికా కంపెనీలకు నమ్మకం లేదు. అందుకని సత్యం ఇంజనీర్లు ఇలినాయ్ రాష్ట్రం మోలీన్‌లోని డీర్ కార్యాలయానికి సమీపంలోనే మకాం వేసి, భారత్‌లో ఉన్నట్టే పనిచేసి చూపించారు. డీర్ సిబ్బందికి ఎదురుపడకుండా, సంప్రదింపులన్నీ సమాచార లైను మీదే నడిపారు. ఖాతాదారు భయం ఎక్కడుందో గుర్తించి అక్కడే పరీక్షకు నిలబడటం, మాటలతో ఒప్పించడం కన్నా గట్టి పద్ధతి.

1994లో డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్‌తో కలిసి చెన్నై కేంద్రంగా డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ సత్యం సాఫ్ట్‌వేర్ ఏర్పడింది. అమెరికా పక్షాన కుమార్ మహదేవ, సత్యం పక్షాన శ్రీని రాజు దీన్ని నిలబెట్టారు. డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్‌కు 76 శాతం, సత్యంకు 24 శాతం వాటా. ఈ లెక్కను కొంచెం ఆగి చూడాలి. భారత కంపెనీ చట్టం ప్రకారం ప్రత్యేక తీర్మానానికి నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి. 26 శాతం ఉన్నవారు దాన్ని అడ్డుకోగలరు, 24 శాతంతో అది కుదరదు. అంటే పెత్తనం ఎవరిదో మొదటి రోజే తేలిపోయింది. తొలుత మాతృసంస్థ పనులే చేసిన ఈ కంపెనీ 1996లో బయటి ఖాతాదారులను తీసుకుంది. 1997లో సత్యం తన వాటాను సుమారు 34 లక్షల డాలర్లకు వదులుకుంది. ఆ కంపెనీయే కాగ్నిజెంట్. 1998లో నాస్‌డాక్‌లో నమోదై, తర్వాతి కాలంలో లక్షల మంది ఉద్యోగులున్న సంస్థగా ఎదిగింది. ఆనాటి ధర చవకేనని ఇప్పుడు అనడం తేలికే. కానీ సత్యం అదే ఖాతాదారుల కోసం పోటీపడే మరో సంస్థలో మాట చెల్లని వాటాదారుగా ఉంది. అలాంటి చోట ఎక్కువ కాలం నిలవడం కష్టం.

అన్ని పొత్తులూ ఇలా సామరస్యంగా ముగియలేదు. ఇన్ఫోసిస్ 1980లలో అమెరికా సలహా సంస్థ కర్ట్ సామన్ అసోసియేట్స్‌తో పెట్టుకున్న పొత్తు తెగినప్పుడు ఆ చిన్న కంపెనీ మనుగడే ప్రశ్నార్థకమైంది.

1991 సంస్కరణల తర్వాత ఆంక్షలు సడలాయి. 2000లో ఫెరా స్థానంలో ఫెమా అమల్లోకి వచ్చింది. స్థానిక భాగస్వామి అవసరం తీరిపోవడంతో విదేశీ సంస్థలు సొంత కేంద్రాలు తెరవడం పెరిగింది. 1998లోనే మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం పెట్టింది. 2003లో ఉమ్మడి సంస్థలోని హెచ్‌సీఎల్ వాటాను పెరో సిస్టమ్స్ కొనేసింది.

దీర్ఘకాలం నిలిచినది మహీంద్రా బ్రిటిష్ టెలికామ్. 1986లో పుట్టిన ఈ సంస్థలో బ్రిటిష్ టెలికామ్ (బీటీ) వాటాదారు, ప్రధాన ఖాతాదారు కూడా. పని వెతుక్కోనక్కర్లేకపోవడం దీని బలం. ఒక్కరి మీదే ఆధారపడటం బలహీనత. 2006లో టెక్ మహీంద్రాగా పేరు మారిన తర్వాత కూడా రాబడిలో సగానికి పైగా బీటీ నుంచే వచ్చేది. 2009 జనవరి 7న సత్యం లెక్కల మోసం బయటపడినప్పుడు టెక్ మహీంద్రా ముందుకు రావడానికి ఇదొక బలమైన కారణం. సత్యంకు వివిధ రంగాల ఖాతాదారులుండేవారు. ఏప్రిల్‌లో షేరుకు 58 రూపాయల ధరతో వేలం గెలిచి, 2013లో ఆ కంపెనీని తనలో కలుపుకుంది. అప్పటికి బీటీ తన వాటాలన్నీ అమ్మేసింది, ఖాతాదారుగా మాత్రం కొనసాగింది.