గర్భముపై గర్భము

కడుపుతో నున్న స్త్రీ మరల గర్భము దాల్చునా యను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. క్రీస్తుపూర్వము 5వ శతాబ్దిలో యవన చరిత్రకారుడు హెరొడోటస్, కుందేలు ఒక చూలు మోయుచుండగనే వేరొక చూలు దాల్చునని వ్రాసెను. వేటగాండ్ర కల్పన యని తోచును గాని, 2010వ సంవత్సరమున బెర్లిను శాస్త్రజ్ఞులు ఐరోపా కుందేళ్లను పరీక్షించి ఆ మాట నిజమేయని స్థిరపరచిరి. ఈనుటకు కొలది దినములు ముందుగా క్రొత్త పిండములు కలిగి, గర్భాశయము ఖాళీ యగువరకు అండవాహికలో వేచియుండును.

మనుష్యుల విషయమున చిక్కు వచ్చినది. యవన పురాణములో ఆల్క్మీనీకి కవలలు పుట్టిరి. భర్తవేషమున వచ్చిన జూస్ దేవునివలన హెరాక్లెస్, నిజభర్తవలన ఇఫిక్లెస్ కలిగిరట. మన అహల్య కథలోని మాయవేషము తలపునకు రాకమానదు. అరిస్టాటిల్ పండితుడు ఈ కథనే దృష్టాంతముగా గొని, జారిణి యొకతె భర్తను బోలిన బిడ్డను, జారుని బోలిన బిడ్డను ఒక్కసారి కనెనని కూడ చెప్పెను. ఒకే ఋతువున విడుదలయైన రెండు అండములు వేరువేరు వేళల ఫలించుట యొకటి. గర్భము నిలిచిన కొన్ని వారములకు మరియొక గర్భము నిలుచుట వేరొకటి. పూర్వులకు ఈ భేదము స్పష్టముగా లేదు.

ఈ గందరగోళముతో లోకులు కవలల తల్లులను శంకించిరి. 12వ శతాబ్దిలో మారీ ద ఫ్రాన్స్ అను కవయిత్రి వ్రాసిన 'లె ఫ్రేన్' కథలో, పొరుగింటి యామెకు కవలలు పుట్టగా ఒక గృహిణి, ఇద్దరు పురుషులు లేక ఇద్దరు బిడ్డలెట్లు కలుగుదురని నిందవేసెను. ఆ మాట విని పొరుగామె భర్త నిరపరాధియైన భార్యను శంకించెను. ఆ యేడే నిందవేసిన యామెకును ఇద్దరు ఆడుబిడ్డలు పుట్టిరి! తన మాటయే తన మెడకు ఉరియగునని వెరచి, ఒక శిశువును చంపనెంచెను. దాసి జాలిపడి ఆ బిడ్డను గొనిపోయి, సన్న్యాసినుల మఠము చెంత చెట్టుపై విడిచెను.

నిజమునకు రెండవ గర్భము నిలుచుట అతిదుర్లభము. గర్భము కలుగగానే అండాశయములోని ప్రొజెస్టరోను అను రసము క్రొత్త అండము విడుదల కాకుండ నాపును. గర్భాశయ ముఖమున చిక్కని జిగురు బిరడావలె నేర్పడును. ఈ కట్టుదిట్టములు దాటిన సందర్భములు వైద్యగ్రంథములలో బహు కొద్ది; వానిలో కొన్ని సంతానమునకై చికిత్స పొందిన వారివి. అట్టిచోటను పురుషుడు భర్త యొక్కడే కావచ్చును సుమా! కవలలలో ఒకరు పెద్దగను ఒకరు చిన్నగను పుట్టుటకు తరచు కారణము, మావినుండి యందు పోషణలోని హెచ్చుతగ్గులు. పిండముల వయోభేదమును తొలిమాసములలో అల్ట్రాసౌండు యంత్రముతో కొలిచి అనుమానింపవచ్చును గాని, పుట్టిన పిమ్మట బిడ్డల తూకమును బట్టి చెప్పుట పొసగదు.